రోగి సొంత మాటల్లో

కేస్ షీట్‌లో మొదటి గడి పేరు చీఫ్ కంప్లైంట్స్. అది రోగి సొంత మాటల్లో ఉండాలని ఎంబీబీఎస్‌లో వార్డులోకి పంపిన మొదటి రోజే చెప్తారు. వైవాలో అడుగుతారు కూడా. ఆ నియమం బతుకు అంతవరకే. తర్వాత నేను పనిచేసిన ఏ వార్డులోనూ ఎవరూ దాన్ని పాటించగా చూడలేదు. నేనూ పాటించలేదు.

గుంటూరు వైపు ఒక ఆస్పత్రిలో ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను. నా థీసిస్ నోటి కాన్సర్ మీద, దానికి చేసే ఆపరేషన్ల మీద. ఆ థీసిస్ కోసం రాసిన ఒక కేస్ షీట్ మొదటి గడిలో నా చేతిరాతతో మూడు లైన్లున్నాయి. బర్నింగ్ సెన్సేషన్ ఆన్ టేకింగ్ స్పైసీ ఫుడ్, రెండేళ్ళు. రెడ్యూస్డ్ మౌత్ ఓపెనింగ్, ఎనిమిది నెలలు. అల్సర్ రైట్ చీక్, మూడు నెలలు.

ఆవిడ నాతో అన్నది ఇదీ: "కూర నోట్టో పెట్టుకుంటే అగ్గి పెట్టినట్టుంటంది బాబూ. రెండేళ్ళ నించీ కోడలు నాకోసం వేరే గిన్నెలో చప్పిడిగా వండి పెడతంది. ఇప్పుడు ముద్ద కూడా చిన్నది చేసుకుని ఏలుతో లోపలికి నెట్టుకోవాల్సొస్తంది."

ఈ రెండూ ఒకే విషయం చెప్తున్నాయని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోవట్లేదు. మేం నోరు ఎంత తెరుచుకుంటుందో పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఆవిడ ముద్దతో కొలుచుకుంది. మా స్కేలు ఆ రోజు లెక్క మాత్రమే చెప్తుంది. ఆవిడ ముద్ద ఎనిమిది నెలల చరిత్ర చెప్తుంది. ఇక వేరే గిన్నె సంగతి సరేసరి. గుంటూరు ఇంట్లో ఒక మనిషికి చప్పిడి కూర వేరే వండటం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, కారప్పొడి ఉన్న పీట దగ్గర్నించి ఆ మనిషిని లేపేసినట్టే.

సాహిత్య విమర్శ రాయమని ఈ పత్రిక వాళ్ళు అడిగితే నేను ఈ గడి మీద రాస్తున్నాను. కేస్ షీట్ కూడా ఒక రచనే కదా. దానికి రూపం ఉంది, రచయిత ఉన్నాడు, చదివేవాళ్ళున్నారు. దాంట్లో ఏం పోతోందో చూడాలని ఒక కోరిక. ఆ పోయినదాన్ని మన కథలూ పద్యాలూ సినిమాలూ ఎక్కడన్నా పట్టుకున్నాయేమో చూడాలని ఇంకో కోరిక.

*

ముందు మిరపకాయ సంగతి చెప్పాలి.

ఆవిడ కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఆ ఘాటులోనే కూర్చోవాలి. మొహానికి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. అందుకే నోరు మండుతోంటే ఆవిడ మొదట అనుమానించింది మిరపకాయనే. "ఆ కోరే నోట్టోకి దిగిందనుకున్నా" అంది.

సైన్సు కూడా మొదట్లో అలాగే అనుకుంది. ఈ జబ్బు పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. బుగ్గ లోపలి పొర మెత్తదనం పోయి, తెల్లబడి, పీచు కట్టి గట్టిపడుతుంది. మొదటి లక్షణం కారం తగిలితే మంట. తర్వాత నోరు మూసుకుపోతూ వస్తుంది. కొందరిలో అదే చోట కాన్సర్ పుడుతుంది. 1952లో ష్వార్ట్జ్ అనే డాక్టరు కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని చూసి ఒక లాటిన్ పేరు పెట్టాడు. మరుసటి ఏడాది బొంబాయిలో జోషి అనే ఈఎన్‌టీ డాక్టరు మన దేశంలో దీన్ని వర్ణించాడు. భారతీయులకే ఎందుకు వస్తోంది? భారతీయులు కారం తింటారు కాబట్టి. 1960లో సిర్సత్, ఖనోల్కర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పోషకాహారం తగ్గించిన ఎలుకల అంగిలికి క్యాప్సైసిన్ పూసి చూశారు. మిరపకాయలో మంట పుట్టించేది అదే. ఎలుకల అంగిట్లో కొంత పీచు కనిపించింది కూడా.

ఆ పేపర్లు వరసగా చదువుతోంటే అపరాధ పరిశోధన నవల చదువుతున్నట్టే ఉంటుంది. నేరం జరిగిన చోట మిరపకాయ ఎప్పుడూ కనపడుతోంది కాబట్టి హంతకుడు అదే అనుకున్నారు. కానీ మిరపకాయ పుట్టిల్లయిన మెక్సికోలో వాళ్ళు మనకన్నా తక్కువ కారం ఏమీ తినరు. అక్కడ ఈ జబ్బు లేదు. పేపర్లు తిరగేస్తూ పోతే అసలు ముద్దాయి మెల్లగా బయటపడతాడు. వక్క. వక్కలోని ఆరికోలిన్ లాంటి పదార్థాలు బుగ్గ లోపల పీచు తయారుచేసే కణాలను ఎగదోస్తాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధనా విభాగం పొగాకు కలవని ఒట్టి వక్కని కూడా మనుషుల్లో కాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో చేర్చింది. మిరపకాయ మంటకి సాక్షి మాత్రమే. జబ్బుపడ్డ చోటు ఎక్కడుందో అది వేలు పెట్టి చూపిస్తుంది, అంతే.

ఆవిడ పొరబడింది, సైన్సు పొరబడింది. మూడో పొరపాటు నాది.

ఆవిడ తన పాత చీటీలన్నీ బట్టల షాపు కవర్లో దాచుకుంది. ఆర్‌ఎంపీ ఇచ్చినవి, మందుల షాపు బిల్లులు, రెండు మూడు ఓపీ చీటీలు. అందులో ఒక చీటీ మీద అక్షరాలు నావే. రెండేళ్ళ కిందట నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రాసింది. నోటి మంట అని ఉంది. బి కాంప్లెక్స్ పదిహేను రోజులు అని ఉంది. కారం తగ్గించమని ఉంది. కింద అలవాట్లు అన్న చోట 'నిల్' అని ఉంది. టార్చి వేసి నోరు చూసినట్టు ఎక్కడా లేదు.

ఆ రోజు గుర్తులేదు. ఓపీలో ఆ పూట ఎంతమంది ఉన్నారో, నేనేం ఆలోచిస్తున్నానో గుర్తులేదు. కానీ ఏం అడిగి ఉంటానో నాకు తెలుసు, ఎందుకంటే మొన్నటిదాకా రోజూ అదే అడిగాను. "బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా ఏమన్నా అలవాట్లున్నాయా అమ్మా?" ఆవిడేమని ఉంటుందో కూడా తెలుసు. ఈసారీ అదే అంది: "ఛ, అట్టాంటియ్యేం లేవయ్యా."

వక్కపొడి తింటావా అని విడిగా అడిగితే నవ్వింది. "అది అలవాటేందయ్యా? అన్నం తిన్నాక నోట్టో ఏసుకునేదేగా."

కేరళలో తిరువనంతపురం దగ్గర లక్షా తొంభై వేల మందికి పైగా మనుషుల మీద చేసిన ఒక అధ్యయనం 2005లో లాన్సెట్‌లో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వెలుతురులో నోరు తెరిపించి చూశారు. పరికరాల్లేవు, రక్తపరీక్షల్లేవు. పొగాకు, మద్యం వాడేవాళ్ళలో నోటి కాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఊరికే చూసినందుకు. ఈ పేపర్ నా థీసిస్ రిఫరెన్సుల్లో ఉంది. ఆ చీటీ కవర్లోంచి బయటపడ్డ రోజు దాన్ని ఇంకోసారి తీసి చదివాను. ఆ అంకె అదే, కానీ చదివినవాడు మారాడు.

*

అది అలవాటేందయ్యా అని ఆవిడ అడిగిన ప్రశ్నకి మన సాహిత్యం అంతా ఆవిడ వైపే నిలబడుతుంది.

కవిత్వం చెప్పాలంటే ఏమేం కావాలో పెద్దన చెప్పినట్టు ప్రచారంలో ఉన్న చాటుపద్యం అందరికీ తెలిసిందే. ఆ జాబితాలో కప్పురవిడెం ఉంది. ఊయల మంచం, మంచి భోజనం, మంచి పాఠకుడితో సమానంగా అదీ ఒక అవసరం. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయంలో దారి తప్పి తిరుగుతోంటే వరూధిని కన్నా ముందు ఆమె తాంబూలం వాసన వస్తుంది. కస్తూరి, కర్పూరం కలిసిన ఆ వాసనని బట్టే దగ్గర్లో ఒక ఆడమనిషి ఉందని తెలుసుకుంటాడు. ఇంటర్లో ఆ పద్యం బట్టీ పట్టినప్పుడు నాకు భలే నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. కాకపోతే ఇప్పుడది గుర్తొచ్చే చోటు వేరు. మా వార్డు గుమ్మంలో అడుగు పెట్టగానే లోపల ఎక్కడో నోట్లో పుండు ముదిరిన మనిషి ఉన్నట్టు, మంచం దాకా వెళ్ళక ముందే, వాసన చెప్పేస్తుంది. పక్క మంచం వాళ్ళు మొహం తిప్పుకుని పడుకుంటారు. ఇంటివాళ్ళు సాంబ్రాణి కడ్డీ వెలిగిస్తామని సిస్టర్ని బతిమాలుతుంటారు.

పెద్దనని తప్పుపట్టడం లేదు. 16వ శతాబ్దపు కవికి 2004 నాటి సంగతి తెలియాలనడం మూర్ఖత్వం. నేను చూస్తున్నది వేరే. తెలుగు పద్యంలో నోరు అంటే ఎర్రబడిన పెదవి, సువాసన, మాట. అక్కడ నోరు భోగం చోటు. నోరు జబ్బుపడితే దాని గురించి చెప్పడానికి మనకి పూర్వం నించీ దిగివచ్చిన మాట ఒక్కటీ లేదు. పెళ్ళికి తాంబూలాలు పుచ్చుకోవడం, పేరంటంలో వక్కా ఆకూ, అతిథికి వక్కపొడి పళ్ళెం. ఇంత మర్యాదని తీసుకెళ్ళి 'అలవాట్లు' అన్న గడిలో బీడీ పక్కన రాయమంటే ఆవిడకి నవ్వు రాదా?

పొగాకు సంగతికొస్తే, దానికి మనం ఇచ్చింది హాస్యం. కన్యాశుల్కంలో గిరీశం పొగతాగడం గొప్పదనం గురించి వెంకటేశానికి చేసే బోధ ఈ నూరేళ్ళలో ఎన్నిసార్లు రంగస్థలం మీద నవ్వించిందో లెక్కలేదు. గురజాడ అక్కడ ఎగతాళి చేస్తున్నది చుట్టని సమర్థించే గిరీశం నోటి మాటకారితనాన్ని. కానీ మనకి గుర్తుండిపోయింది చుట్ట. ఎగతాళి ఎగిరిపోయి పద్యం మిగిలింది. పొగ మానమని డాక్టరు చెప్తే దానికి జవాబుగా ఆ పద్యం చదివిన మేష్టార్లని నేను ఓపీలో చూశాను.

కన్యాశుల్కం పుట్టిన ఆ ఉత్తర కోస్తాలోనే చుట్టకి ఇంకో కథ ఉంది. నిప్పు అంటించిన కొసని నోట్లో పెట్టుకుని పీల్చడాన్ని అక్కడ అడ్డపొగ అంటారు. తాగేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. గాలికి ఆరిపోదని, తల్లి దగ్గర నేర్చుకున్నామని చెప్తారు. ఆ వేడీ పొగా అంగిలికి తగులుతాయి. అంగిట్లో కాన్సర్ ప్రపంచంలో మిగతా చోట్ల అరుదు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు అరుదు కాదు. 1945లో ఖనోల్కర్, సూర్యాబాయి రాశారు. 1957లో గోవిందరెడ్డి, రావు రాశారు. 1971లో డెన్మార్క్ నించి వచ్చిన పిండ్‌బోర్గ్, బొంబాయి నించి వచ్చిన మెహతా, గుప్తా వగైరాలు కలిసి 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళు చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్‌లో వేశారు. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి పేపర్ అమెరికన్ పత్రికలో వచ్చింది.

ఆ 1974 పేపర్ శీర్షికలో చుట్ట అన్న తెలుగు మాట అలాగే ఉంది. దానికి ఇంగ్లీషులో మాట దొరకలేదు కాబట్టి అదొక్కటీ సముద్రం దాటింది. దాన్ని తాగిన మనిషి మాట మాత్రం దాటలేదు. పదివేల మంది నోళ్ళు తెరిచి చూసిన పేపర్లలో ఒక్క నోరన్నా మాట్లాడదు. ఇది ఆ పరిశోధకుల తప్పు అననుగానీ, మన తప్పు మాత్రం అంటాను. అన్ని వేలమంది ఆడవాళ్ళు నిప్పుని నోట్లో పెట్టుకుని కలుపు తీశారు, పిల్లల్ని పెంచారు, వంట చేశారు. ఇంతకన్నా బలమైన దృశ్యం కథారచయితకి ఇంకేం కావాలి? దాన్ని పాథాలజిస్టులు చూసినంత శ్రద్ధగా మనం చూశామా?

*

మనం కాన్సర్ గురించి రాయలేదని కాదు. సినిమాల్లో అయితే మరీ ఎక్కువ. 1981లో ప్రేమాభిషేకం ఆడిన ఆడుడు చూడండి. నాయకుడికి కాన్సర్. ప్రేమించిన అమ్మాయి తనని మర్చిపోవాలని చెడ్డవాడిలా నటిస్తాడు. జబ్బు ఉంది గానీ మొహానికి ఏమీ కాదు. గొంతు పోదు, పాటలు పాడతాడు. ఈ కథకి ఆ జబ్బు ఒక గడియారం మాత్రమే. నాయకుడికి ఎంత టైముందో చెప్పడానికి పనికొస్తుంది.

సుసాన్ సోంటాగ్ 1978లో జబ్బుల చుట్టూ అల్లుకున్న ఉపమానాల మీద పుస్తకం రాసినప్పుడు దీన్ని గమనించింది. క్షయకి కవులు అందం అంటగట్టారు, కాన్సర్‌కి ఆ అందం అబ్బలేదు, ఒక్క రక్త కాన్సర్‌కి తప్ప. ఎందుకంటే అందులో గడ్డ కనపడదు, మొహం పాడవదు. ఆవిడ చెప్పిన ఇంకో విషయం, కాన్సర్ చుట్టూ మనం యుద్ధభాష వాడతాం అని. పోరాటం, దాడి, శత్రువు. మా డిపార్ట్‌మెంట్‌లో దానికి సాక్ష్యం వెతకక్కర్లేదు. నోట్లో పుండు, దవడ ఎముక, మెడలో గ్రంథులు అన్నీ కలిపి ఒకే ముక్కగా తీసే ఆపరేషన్‌ని ఇప్పటికీ కమాండో అనే అంటాం. "రేపు ఒక కమాండో ఉంది" అంటే ఎవరూ ఉలిక్కిపడరు.

కానీ సోంటాగ్ పుస్తకం తెలుగులో ఆలోచిస్తూ చదివితే ఒక చోట ఆగిపోతాం. ఆవిడ క్షయనీ కాన్సర్‌నీ ఎదురెదురు నిలబెట్టింది. తెలుగులో ఆ రెండూ ఒకే ఇంటిపేరు ఉన్నవి. క్షయ రాజయక్ష్మ, రాచవ్యాధి. కాన్సర్ రాచపుండు, రాచకురుపు. రాచబాటలో, రాచమర్యాదలో ఉన్న రాచే ఇదీ. పెద్దది అని అర్థం, తప్పించుకోలేనిది అని అర్థం. 2010లో సిద్ధార్థ ముఖర్జీ తన కాన్సర్ చరిత్రకి, జబ్బులన్నిటికీ చక్రవర్తి అన్న అర్థంలో, 19వ శతాబ్దపు సర్జన్ ఒకాయన మాటని పేరుగా పెట్టుకున్నాడు. 2011లో దానికి పులిట్జర్ వచ్చింది. మన ఊళ్ళలో ముసలమ్మలు ఆ బిరుదు ఏనాడో ఇచ్చేశారు.

ముఖర్జీ ఆ పుస్తకం మొదలుపెట్టినప్పుడు బోస్టన్‌లో శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరే. అందుకే నాలాంటివాళ్ళకి అది దగ్గరి పుస్తకం. రోజంతా వార్డులో తిరిగి రాత్రి రాసుకున్న మనిషి ఊపిరి అందులో వినపడుతుంది. దాని రెండు స్తంభాలు పిల్లల రక్త కాన్సరూ, ఆడవాళ్ళ రొమ్ము కాన్సరూ. అమెరికా కథ అవే కాబట్టి అవే ఉండాలి. మన దేశంలో మగవాళ్ళకి ఎక్కువగా వచ్చే కాన్సర్లలో నోటి కాన్సర్ ముందు వరసలో ఉంటుంది. ఆ చక్రవర్తి మా ఊరికి వచ్చేటప్పుడు వేసుకొచ్చే వేషం వేరు. ఆ వేషం గురించి పుస్తకం ఇక్కడివాళ్ళే రాయాలి.

ఆ వేషం ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. పెద్ద పుండు తీసేశాక బుగ్గలో కన్నం పడుతుంది. దాన్ని పూడ్చడానికి ఛాతీ మీది కండరాన్ని చర్మంతో సహా లేపి, రక్తనాళం తెగకుండా, మెడ మీదుగా తిప్పి నోట్లో కుడతారు. 1979లో ఎరియన్ అనే సర్జన్ చూపించిన పద్ధతి. ఖర్చు తక్కువ, నమ్మకమైనది. మా దగ్గర ఎన్ని బతుకులు దానిమీద నిలబడ్డాయో. కానీ మగవాళ్ళ ఛాతీ మీద వెంట్రుకలుంటాయి. కొన్ని నెలలయ్యాక అవి నోట్లో పెరుగుతాయి. రివ్యూకి వచ్చిన ఒకాయన భార్యని బయట ఉండమని, తలుపు వేసి, తల దించుకుని నాకు అది చూపించాడు. కేస్ షీట్‌లో నేను రాసింది 'ఫ్లాప్ హెల్దీ' అని. ఫ్లాప్ నిజంగానే హెల్దీగా ఉంది.

*

ఇదంతా చదివి, ఇతను అంకెల్ని తిట్టి కథల్ని పొగుడుతున్నాడని అనుకోవద్దు. 1906లో క్రైల్ మెడ గ్రంథులు తీసే పద్ధతి ప్రచురించినప్పట్నించీ సర్జన్లని ఒక సందేహం పీడించింది. మెడలో గడ్డ చేతికి తగలకపోయినా ముందే గ్రంథులు తీసేయాలా, వచ్చాక చూసుకోవచ్చా? దీనికి జవాబు 2015లో ముంబైలోని టాటా మెమోరియల్ చెప్పింది. మొదటి 500 మంది లెక్కలు తేలేసరికి, ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకి 80 శాతం బతికున్నారు, ఆగి చూసినవాళ్ళలో 67.5 శాతం. ఇక్కడ ఎవరి వేరే గిన్నె గురించీ లేదు. ఉండక్కర్లేదు. అన్ని నోళ్ళనీ ఒకే పొడి భాషలోకి మార్చినందువల్లే వాటిని కూడగలిగారు. వందలో పన్నెండు మంది చిల్లర అంటే ఒక వీధి. ఆ పొడి భాష లేకపోతే ఆ వీధి లేదు.

అయితే ఆ భాషకి ఒక హద్దుంది. కూడటానికి ముందు ఎవరో ఒకరు సరిగ్గా అడగాలి, సరిగ్గా వినాలి. నా చీటీలో 'నిల్' అన్న మాట ఏ లెక్కలోకి వెళ్ళినా ఆ లెక్క తప్పే. అది తప్పింది నా ఇంగ్లీషు వల్ల కాదు, నా తెలుగు వల్ల. అలవాటు అన్న మాట మా ఊళ్ళో ఎవరి గురించి వాడతారో తెలుగువాణ్ణయి ఉండి కూడా ఆలోచించలేదు. అలవాటున్నవాడు అంటే తాగుబోతు, జూదరి. ఆ మాటతో అడిగితే ఏ మర్యాదస్తురాలు ఔనంటుంది? మాటకి ఉన్న ఈ నీడని పట్టుకోవడం నేర్పేది సాహిత్యం. మంచి కథ చదివేటప్పుడు పాత్ర ఏం చెప్పిందనే కాదు, ఆ మాటే ఎందుకు వాడిందని కూడా చూస్తాం. అదే చూపు ఓపీలో ఆ రెండు నిమిషాలు ఉండి ఉంటే చాలు.

ఆపరేషన్ అయ్యాక ఇక రోగి సొంత మాట అన్న గడికి అర్థమే మారిపోతుంది. ప్రకాశం వైపు నించి ఒక పొగాకు రైతు వచ్చాడు. రెండు బ్యారన్‌లు ఉన్నాయిట. వేలం కేంద్రానికి బేళ్ళు తోలడం, ఏ గ్రేడు ఎంత పలికిందో చెప్పడం అంటే చాలా హుషారు. మన పొగాకు బోర్డు 1976 నించీ గుంటూరులోనే ఉంది కదా, దాని మీద కూడా ఆయనకి బోలెడు అభిప్రాయాలు. తను పండించిన ఆకు తను తాగడు, అది సిగరెట్లకి పోయే సరుకు. ఆయన నోట్లో పెట్టుకున్నది ఖైనీ. పుండు నాలుక మీద. ముందు భాగం చాలావరకు తీసేశారు.

చిన్నప్పుడు వ్యాకరణంలో బట్టీ పట్టిన దంత్యాలు, మూర్ధన్యాలు, ఓష్ఠ్యాలు ఎందుకో ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. నాలుక కొన లేకపోతే త, ద, న పోతాయి. ట, డ, ణ పోతాయి. ర, ల, స పోతాయి. పెదవులతో పలికే ప, బ, మ మిగులుతాయి. నాలుక వెనక భాగంతో పలికే క, గ చాలావరకు నిలుస్తాయి. అంటే అమ్మ అనగలడు. తల్లి అనలేడు. నీళ్ళు అడగలేడు. నాలుక అన్న మాటలో ఒక్క అక్షరమే సరిగ్గా పలుకుతుంది. భార్య పేరులో ల ఉంది, ఆమెని చేత్తో పిలుస్తున్నాడు. పంట గురించి మాట వచ్చినప్పుడు పొగాకు అన్నాడు. అది మాత్రం వార్డంతా వినపడేట్టు స్పష్టంగా వచ్చింది.

స్పీచ్ అవుట్‌కమ్ అని నా థీసిస్‌లో ఒక పట్టిక ఉంది. దాంట్లో ఆయన 'మోడరేట్'.

*

గైడ్ గారితో ఈ సంగతి మాట్లాడాను. రోగుల మాటలు తెలుగులోనే థీసిస్‌లో పెట్టొచ్చా అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మెయిన్ టెక్స్ట్‌లో కుదరదు గానీ, వెనక అనుబంధంగా వెయ్యి. ఎవరూ చదవర్లే" అన్నారు. ఎగతాళి చేయలేదు, నిజం చెప్పారు. వెనక వేశాను. పేర్లు లేవు, వరుస సంఖ్య, దాని పక్కన వాళ్ళన్న మాట. ఏడు పేజీలు వచ్చింది. అది సాహిత్యం అని అనను. కానీ ఆ ఏడు పేజీలు వరసగా చదివితే మిగతా థీసిస్ కన్నా ఎక్కువ తెలుస్తుందని మాత్రం అంటాను. కారం, ముద్ద, గిన్నె, దుప్పటి, వాసన, భార్య, అప్పు. ఈ మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. కాన్సర్ అన్న మాట రెండుసార్లే వచ్చింది.

తొడిమలు తీసే ఆవిడకి ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. నాలుగో నెల రివ్యూకి వస్తూ కవర్లో ఎండుమిరపకాయలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "నేనెట్టాగూ తినలేను బాబూ, మీరన్నా తినండి" అంది. తీసుకోవాలో వద్దో తెలియలేదు. తీసుకున్నాను. టార్చి వేసి నోరు చూశాను. ఒకటిన్నర వేలు పట్టింది. పాత చీటీ సంగతి ఆవిడకి తెలుసో లేదో నేను అడగలేదు. ఆ రోజు చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను.

కేస్ షీట్ ఫారం మార్చే అధికారం నాకు లేదు. అడిగే పద్ధతి మార్చుకున్నాను. అలవాట్లున్నాయా అని ఇప్పుడు అడగను. అన్నం తిన్నాక నోట్లో ఏం వేసుకుంటారు అని అడుగుతున్నాను. దాదాపు అందరూ ఏదో ఒకటి చెప్తారు. కొందరు జేబులోంచి తీసి చూపిస్తారు. ఒకళ్ళిద్దరు నాకూ పెట్టబోయారు.